అత్త కుర్చీలో కూర్చున్న రోజు

ఇది ముందే రాయాల్సింది. రాయడం రాక రాయలేదు.

మా అమ్మానాన్నలు మలయ్ దేశంలో సుంగై సుమున్ దగ్గర ఒక తోటలో పనిచేసేవారు. తోట అంటే పూలతోట కాదు. చూసినంత మేరా కొబ్బరి, ఆ తర్వాత పామాయిల్. తోటలో తమిళ బడి ఒకటి ఉండేది. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లలమంతా అక్కడ తమిళం చదవాలి. నేను అదీ చదవలేదు. ఒక తమ్ముడు పుట్టాడు, వాడు చంక దిగకముందే ఇంకొకడు పుట్టాడు. అమ్మ పనిలోకి వెళ్తే ఆ చంక నాది. పెళ్లయి బంటింగ్ వైపు రబ్బరు తోటకి వచ్చాక చదువు అనే మాటే ఎవరూ ఎత్తలేదు.

యాభై దాటాక నేర్చుకున్నాను. మా గుడి హాల్లో ఆదివారం పూట పిల్లలకు తెలుగు క్లాసు జరిగేది. నేను వాళ్లకి సేమ్యా ఉప్మా వడ్డించడానికి వెళ్లేదాన్ని. వడ్డన అయ్యాక గిన్నెలు తోమకుండా వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. పిల్లలు బల్ల కింద ఫోన్లు చూసుకుంటుంటే నేను తెలుగు అక్షరాలు, వాటి పక్కన రాసిన ఇంగ్లీషు అక్షరాలు కూడా దిద్దాను. ఇంటికి వచ్చి ఆ పుస్తకం తీస్తే మా అత్త ఊరుకునేది కాదు.

“ఏటే, కాటికెల్లి అక్కడ కిరాణీ ఉజ్జోగం సేస్తావేటి?” అనేది. కిరాణీ అంటే తోటలో పేర్లు రాసే గుమాస్తా. మా అత్తకి తెలిసినంతలో చదువుకున్నవాడంటే వాడొక్కడే.

ఆమె ఇప్పుడు పక్క గదిలోనే ఉంది. ఆమెకి చదవడం రాదు. కాబట్టి నిర్భయంగా రాస్తున్నాను.

మా అత్తంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను మంచి కోడలనుకుని మోసపోరు. నా కూతురు పుట్టి ఇంకా పచ్చి ఒళ్లుగా ఉన్నప్పుడు నాకు జ్వరం వచ్చింది. చాప మీంచి లేవలేకపోయాను. మా అత్త చెంబుడు నీళ్లు తెచ్చి చాప మీద పోసింది. జుట్టు పట్టి కూర్చోబెట్టి, మొహానికి ఇంత పౌడరు పులిమి, బొట్టు పెట్టి, పెరట్టుకి లాక్కెళ్లింది. పెరట్టు అంటే తెల్లారకముందే కూలీలందరినీ వరసగా నిలబెట్టి పేర్లు పిలిచే చోటు. నా పేరు పిలిచినప్పుడు వెనకనుంచి నా వీపు మీద గుచ్చింది. పలికాను. ఆ రోజంతా రబ్బరు చెట్ల మధ్య నేను ఎలా తిరిగానో నాకు తెలియదు. ఆ తర్వాత నేను మొహానికి పౌడరు ఎప్పుడూ రాసుకోలేదు.

తోట అమ్మేశారు. అక్కడ ఇప్పుడు ఫ్యాక్టరీలున్నాయి. మేం బంటింగ్‌లో చిన్న ఇల్లొకటి కొనుక్కున్నాం. నా భర్త పోయాడు. కూతురు పెళ్లయి జొహోర్‌లో ఉంది, ఇద్దరు చిన్నపిల్లలతో దాని పని దానికే సరిపోతుంది. ఇంట్లో మిగిలింది ఆమె, నేను. ఇద్దరికీ ఇష్టం లేని ఏర్పాటది.

ఆమె స్నానాల గదిలో పడింది. ఆసుపత్రిలో చేర్చాక ఎడమ పక్క పడిపోయిందని తేలింది. ఇంక లేవదు, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి అన్నారు. ఎవరు చూసుకోవాలో వాళ్లు చెప్పలేదు. అడగక్కర్లేకుండా అందరూ నావైపే చూశారు.

నేను ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తాను. పొద్దున్నే వ్యాన్ వస్తుంది, మధ్యాహ్నం దాటాక తిరిగి దింపుతుంది. ఆ మధ్యలో ఆమె ఒక్కతే మంచం మీద. ఒకరోజు వచ్చేసరికి దుప్పటి మీద చీమలు బారు కట్టి ఉన్నాయి. ఆమె కుడి చేత్తో దులుపుకుంటోంది. ఎడమ వైపు దులుపుకోలేదు, అక్కడ ఉన్నట్టు కూడా ఆమెకి తెలియదు. నేను దులిపాను. ఆమె తిట్టింది.

“పంచదార నువ్వే సల్లినావు. నాకు తెల్దా?”

“అవునత్తా. పనిలోకెల్లే ముందు నీకు సీమల పూజ సేసి ఎల్లినాను.”

“నీ నోట్లో పడ.”

పక్క వీధిలో ఒక తమిళామె ఉంది. ముసలాళ్ల హోమ్‌లో చాలాకాలం పనిచేసింది. నన్ను అక్కా అంటుంది. పగలంతా వచ్చి చూసుకుంటాను, జీతం ఇవ్వు చాలు అంది. నా జీతంలోంచి ఆమెకి ఇస్తే మాకు బియ్యం ఉండవు. ఇవ్వకపోతే నా పని ఉండదు. ఎందుకంటే అత్తకి ఒంట్లో బాగాలేని రోజు నేను ఆగిపోతున్నాను. క్యాంటీన్ యజమానురాలు, చైనామె, ఒకసారి చెప్పింది. రెండోసారి మొహం చూడకుండా చెప్పింది. మూడోసారి చెప్పదని నాకు తెలుసు.

సర్కారు సాయం చేస్తుందని తమిళామే చెప్పింది. మంచాన పడి తమ పని తాము చేసుకోలేని వాళ్లని చూసుకోవడానికి నెలనెలా ఇస్తారట. సంక్షేమ శాఖ ఆఫీసుని మా దగ్గర అందరూ కెబజికాన్ అంటారు. వెళ్లాను.

కౌంటర్లో కుర్రాడు నా కాగితాలు చూడకుండానే, “పిల్లలు లేరా ఆంటీ?” అన్నాడు.

“ఉంది. కూతురు.”

“మరి కూతురు చూడదా?”

“ఆమె నా అత్త. నా కూతురికి తల్లి కాదు, నాయనమ్మ. మీ నాయనమ్మ ఒళ్లు నువ్వు కడిగావా?”

అతను మలయ్‌లో ఏదో గొణిగి, డాక్టరు కాగితం లేదు లా, మళ్లీ రా అన్నాడు. ఈ లా మా దగ్గర అందరూ మాట చివర తగిలించేదే. డాక్టరు కాగితం తెచ్చాను. నా భర్త చనిపోయిన కాగితం లేదు అన్నాడు. చచ్చినవాడు ఎలాగూ వచ్చి ఆమెని ఎత్తలేడు కదా అన్నాను. అయినా కావాలన్నాడు. తెచ్చాను. దరఖాస్తు నేనే నింపాను. మలయ్ అయినా అక్షరాలు ఇంగ్లీషువే కాబట్టి గుడి హాల్లో నేర్చుకున్నవి పనికొచ్చాయి. అతను దాన్ని కట్టలో పడేసి, అధికారి ఇంటికి వచ్చి చూస్తారు, ముందు ఫోన్ చేస్తారు అన్నాడు.

ఫోన్ వచ్చింది. బుధవారం మధ్యాహ్నం వస్తామన్నారు. ఆ మాట నేను క్లాంగ్‌లో ఉన్న మా వదినకి చెప్పకుండా ఉండాల్సింది. మా వదిన అంటే మా అత్త కూతురు. తల్లికి జ్వరమొస్తే ఫోన్లో ఏడుస్తుంది, తల్లికి బట్ట మార్చాల్సి వస్తే ఆమెకి బస్సు దొరకదు. ఆ బుధవారం మాత్రం దొరికింది.

నేను వ్యాన్ దిగి వచ్చేసరికి వాకిలి కడిగి ఉంది. ఫినాయిల్ వాసన, అగరొత్తుల వాసన. లోపల ముందు గదిలో మా అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పడిపోయినప్పటినుంచి ఆమెని నేను కుర్చీలో చూడలేదు. గుడికి కట్టే ఆకుపచ్చ చీర, నూనె రాసి దువ్విన జుట్టు, మావ పోయినా మానని రూపాయంత బొట్టు. మొహం నిండా పౌడరు. భుజాల మీంచి ఒడి దాకా శాలువా కప్పి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే శాలువా కింద పాత సారాంగుతో, అంటే లుంగీ గుడ్డతో, నడుముని కుర్చీకి కట్టేశారు.

“ఏటి వదినా ఇది?”

“ఏటంటే? అధికారి వొస్తంటే అమ్మని ఆ కంపులో పడుకోబెట్టి సూపిస్తావేటి? మన పరువేటవ్వాల?”

“కంపు సూపించడానికే గదా పిలిసినాను! లేవలేదు, కూకోలేదు అని రాసిచ్చినాను. నువ్వు కూకోబెట్టినావు!”

“అరవకే,” అంది మా అత్త. “దొర వొస్తన్నాడు.”

దొర కాదు, గేటు దగ్గర చిన్న తెల్ల కారు ఆగింది. తలకి ముసుగు చుట్టుకున్న మలయ్ అమ్మాయి దిగింది. మర్యాదస్తురాలు. చెప్పులు బయటే విప్పింది. మా అత్త ముందు వంగి, నెనెక్, అంటే అవ్వా, ఎలా ఉన్నావు అని అడిగింది.

మా అత్త నడుం నిటారుగా పెట్టింది. ఎక్కణ్నుంచి తెచ్చిందో ఆ బలం. కుడి చెయ్యి నుదుటి దాకా ఎత్తి సలాం చేసింది.

“సిహాత్,” అంది. ఆరోగ్యంగా ఉన్నానని.

“నొప్పి ఉందా?”

“లేదు.”

“నడుస్తావా?”

“నడుస్తాను. పని కూడా చేస్తాను.” తోటలో నేర్చిన ఆ ముక్కల మలయ్‌లో గట్టిగా, పెరట్టులో పలికినట్టు పలికింది.

మా వదిన టీ గ్లాసు అందించింది. మా అత్త కుడి చేత్తో పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తాగింది. నా చేత్తో పోస్తే సగం మెడ మీద పోసుకునే మనిషి.

ఆ అమ్మాయి నావైపు చూసింది.

“కట్టేశారు,” అన్నాను. “ఆమె తనంతట తాను కూర్చోలేదు. చూడు, నడుం కట్టేశారు.” శాలువా లాగబోయాను. మా వదిన నా చెయ్యి పట్టుకుంది. “పరువు తియ్యకే!” అంది. నేను ఇటు లాగాను, ఆమె అటు లాగింది. మా మధ్య మా అత్త, “అమ్మో, సంపేస్తన్నాది,” అంది తెలుగులో. ఆ ఒక్క ముక్క ఆ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైనట్టుంది.

ముసలామె మీద చెయ్యి చేసుకునే కోడలిని చూసినట్టు నన్ను చూసింది. ఏదో రాసుకుంది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా మా అత్త నిటారుగానే ఉంది. తర్వాత పక్కకి ఒరిగింది. సారాంగు ముడి పక్కటెముకల్లోకి దిగి ఎర్రగా గీత పడింది. చీర తడిసిపోయింది, కుర్చీ కింద మడుగు. నేనూ మా వదినా చెరో వైపు పట్టి మంచం మీదకి చేర్చాం. మా వదిన, తల్లి చీర మార్చకుండానే, ఆఖరి బస్సు పోతుందని బయల్దేరింది. అప్పటికి సాయంత్రం కూడా కాలేదు.

తడి బట్ట మారుస్తూ అడిగాను. “నా మీద కచ్చతో సేసినావు గదా?”

“నీ మీద కచ్చకి నాకు కుర్సీ ఎందుకే? పడుకునే తీర్సుకుంటాను.”

“మరి ఎందుకు సేసినావు? పని సేస్తావా నువ్వు? నడుస్తావా? లే, నడువు మరి!”

ఆమె గోడవైపు చూస్తూ చెప్పింది.

“మీ మావ దగ్గినాడు.”

“ఏటి?”

“దొర ముందు ఒక్కసారి దగ్గినాడు. పెరట్టులో. రొమ్ములో నొప్పి ఉందా అని దొర అడిగినాడు. ఉందన్నాడు, ఎర్రి మనిషి. ఆరోజే పేరు కొట్టేసినారు. ఇల్లు కాళీ సెయ్యమన్నారు. మీ ఆయన్ని సంకనేసుకుని, సామానంతా రోడ్డు మీద ఎట్టుకుని కూకున్నాను. పక్క తోటలో నాను పేరు రాయించుకుందాక అక్కడే. రోగమని సెప్తే ఉంచరే. ఎవులూ ఉంచరు.”

“ఇది తోట కాదు. ఇది నా ఇల్లు.”

“అదే సెప్తన్నాను. నీ ఇల్లు.”

నాకు పౌడరు పులిమి పెరట్టుకి ఎందుకు లాక్కెళ్లిందో అప్పుడు తెలిసింది. తెలిస్తే కోపం తగ్గాలంటారు. నాకు తగ్గలేదు. ఆ రోజు ఆమె నన్ను ఇంట్లోంచి పోకుండా కాపాడి ఉండొచ్చు, కాలింది మాత్రం నా ఒళ్లు. ఇప్పుడు అదే పద్ధతిలో మా ఇద్దరి తిండీ పోగొట్టింది.

దరఖాస్తు కొట్టేశారని ఫోన్ వచ్చింది. కారణం అడిగితే, మనిషి కూర్చుంటోంది, తన చేత్తో తాగుతోంది అన్నారు. ఆ వారమే ఆమెకి విరేచనాలు పట్టుకుని నేను పనికి ఆగాను. మర్నాడు వెళ్తే క్యాంటీన్లో నా పొయ్యి దగ్గర ఇంకొకామె నిలబడి ఉంది. యజమానురాలు నన్ను గిన్నెల దగ్గరికి పంపింది. గిన్నెల తర్వాత పంపేది గేటు బయటికే.

మళ్లీ కెబజికాన్‌కి వెళ్లాను. ఈసారి కౌంటర్ కుర్రాడి దగ్గర ఆగలేదు. టోకెన్ తీసుకో అని అతను అరుస్తుంటే, బల్లల మధ్యలోంచి నడిచి ఆ ముసుగు అమ్మాయి ముందు నిలబడ్డాను.

“మళ్లీ రా,” అన్నాను. “ఏ రోజో చెప్పకుండా రా.”

“చెప్పకుండా రాకూడదు ఆంటీ. పద్ధతి కాదు.”

“చెప్పి వస్తే మావాళ్లు నిన్ను మోసం చేస్తారు. చెప్పి వచ్చిన అధికారికి మావాళ్లు ఏనాడూ రోగం చూపించలేదు. గేటు దగ్గరికి వచ్చి ఫోన్ చెయ్యి. అది చెప్పినట్టే కదా?”

“ఆ రోజు మీరు నెనెక్‌ని లాగారు.”

“లాగాను. చీమలు పట్టిన దుప్పటి చూపిస్తే నువ్వు కూడా లాగుతావు. వచ్చి చూసి, అప్పుడు నన్ను పోలీసులకి పట్టించు.”

ఆమె నా ఫైలు నెంబరు వేరే చీటీ మీద రాసుకుంది.

వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను వ్యాన్ దిగి తాళం తీస్తుండగా ఫోన్ మోగింది, వెనక్కి తిరిగితే గేటు దగ్గర ఆమే. నేను కూర్చోమనలేదు, టీ పెట్టలేదు. తిన్నగా వెనక గదిలోకి తీసుకెళ్లాను.

పొద్దున్నుంచి మూసి ఉన్న గది. ఆ అమ్మాయి ముసుగు అంచుతో ముక్కు మూసుకుంది. మా అత్త ఆమెని చూసింది. చూడగానే కుడి చెయ్యి కిటికీ వైపు చాపింది, అక్కడ పౌడరు డబ్బా ఉంటుంది. అందలేదు. వేలికొసలు తగిలి డబ్బా కింద పడి, మూత ఊడి, నేలంతా తెల్లగా చిందింది.

“సిహా...” అంది.

నేను దుప్పటి తీసేశాను.

నడుము కింద పుండ్లు. ప్లాస్టిక్ షీటు, దాని మీద పొద్దుటి నుంచి ఉన్నదంతా. మా అత్త మాట సగంలో ఆగిపోయింది. నా పెళ్లయినప్పటినుంచి ఆమె నోరు సగంలో ఆగడం నేను చూడలేదు. ఉన్న ఒక్క చేత్తో మొహం కప్పుకుంది. ఆ అమ్మాయి ఫోటో తీయాలంది, ఫైలుకి కావాలట. తియ్యి అన్నాను. తీస్తున్నంతసేపూ వేళ్ల సందుల్లోంచి మా అత్త నన్నే చూసింది. ఆ చూపుకి నేను తల దించలేదు. దించితే దుప్పటి కప్పేసి ఉండేదాన్ని.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. తిట్టలేదు కూడా. అన్నం పెడితే తినేది, నీళ్లిస్తే తాగేది. తిట్లు లేని ఆ ఇంట్లో నాకు ఊపిరాడలేదు. సాయం మంజూరైందని ఫోన్ వచ్చిన రోజు నేను ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి విన్నాను. పగలంతా ఆమె పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి నేనే కానక్కర్లేదు అన్నారు. పక్క వీధికి వెళ్లి తమిళామెని రేపట్నుంచి రమ్మని చెప్పి వచ్చాను.

దీపం పెట్టే వేళ మా అత్తకి అన్నం కలిపి పెడుతూ చెప్పాను.

“రేపు మనిషొస్తాది.”

చాలా రోజుల తర్వాత నోరు తెరిచింది. “ఎవులు?”

“పక్క ఈదిలో అరవామె. పగలంతా ఉంటాది.”

“ముక్కూ మొకం తెలీని దాని సేత కడిగిస్తావా నన్ను?”

“నాను కడిగితే మాత్రం దీవిస్తన్నావేటి?”

“నీ సేతులు మొరటు,” అంది. ముద్ద నమిలి మింగింది. “తెలిసిన మొరటు.”

“అలవాటు పడతావు లా. ఆమె నాలాగ తిరిగి తిట్టదు.”

“తిట్టని దానితో ఏటి సెయ్యాల నాను పగలంతా?”

ఇంకో ముద్ద పెట్టాను. ఆమె నా వేలు కొరికింది. పొరపాటున కాదు.

మర్నాడు నేను రోజూకంటే ముందే లేచాను. నీళ్లు కాచాను. తమిళామె వచ్చి చెయ్యబోయే మొదటి పని అదే, దానికోసమే ఆమెకి జీతం. అది నాకు తెలుసు. అయినా మా అత్త ఒళ్లంతా నేనే తుడిచాను, పుండ్లకి మందు వేశాను, షీటు మార్చాను, దుప్పటి ఉతికినది పరిచాను. గదిలో ఫినాయిల్ కొట్టాను. ఆకుపచ్చ చీర చుట్టి, జుట్టుకి నూనె రాసి దువ్వాను. కిటికీలోంచి పౌడరు డబ్బా తీశాను.

“ఓసి,” అంది మా అత్త. “గవర్మెంటు పిల్ల వొచ్చినప్పుడు లేదు గానీ, ఇప్పుడు రాస్తన్నావేటి?”

“మాటాడకు. నోట్లో పడతాది.”

“ఎవులొస్తన్నారనే? దొరా?”

“మొకం ఇటు తిప్పు.”

తిప్పింది. రెండు బుగ్గలకీ రాశాను, మెడకి రాశాను, నుదుట బొట్టు పెట్టాను. గేటు చప్పుడైంది. తమిళామె లోపలికొచ్చి, మంచం పక్కన నిలబడి, తమిళంలో అవ్వని పిలిచినట్టు, “అడడే, పాట్టి ఎంత బాగున్నారు!” అంది.

“సిహాత్,” అంది మా అత్త.

నేను డబ్బా మూత బిగించి, ఆమె చేతికి అందేట్టు కిటికీ అంచుకి జరిపి పెట్టాను. బక్కెట్టు ఎక్కడుందో, గుడ్డలు ఎక్కడున్నాయో తమిళామెకి చూపించాను. బయట ఫ్యాక్టరీ వ్యాన్ హారన్ కొట్టింది. చేతులకి అంటిన పౌడరు చీరకి తుడుచుకుంటూ వెళ్లి ఎక్కాను.